రహీం సాబ్‌తోనే ఆగిపోయిన ఆట

మస్కట్‌లో అజైబా అనే పేట ఉన్న బౌషర్ విలాయత్ (పాలనా విభాగం)లోనే సుల్తాన్ ఖాబూస్ స్టేడియం ఉంది. 2009 జనవరిలో ఒమన్ తొలిసారి గల్ఫ్ కప్ ఫుట్‌బాల్ ట్రోఫీ అందుకున్నది అక్కడే. ఫైనల్లో సౌదీ అరేబియాతో గోల్స్ లేకుండా ఆట ముగిసి, పెనాల్టీల్లో 6-5తో ఫలితం తేలింది. అప్పటి కోచ్ ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ లెరోయ్. అయితే అది ఆయన ఒక్కరి కష్టార్జితం అనలేం. అంతకుముందు 2004లోనూ 2007లోనూ చెక్ దేశస్థుడు మిలన్ మచాలా ఆ జట్టును ఫైనల్ దాకా నడిపించాడు. లెరోయ్ వెళ్లిపోయిన చాలా ఏళ్లకు, డచ్ కోచ్ పిమ్ వెర్బీక్ హయాంలో, 2018 జనవరిలో ఒమన్ కువైట్ గడ్డపై మళ్లీ గెలిచింది. కోచ్‌లు మారినా ఆట కొనసాగింది. అజైబాలో కాపురాలుంటున్న తెలుగువాళ్లు ఈ చరిత్రతో పోల్చి చూసుకోవలసిన పేరు మనకొకటి ఉంది, సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో ఆయన వెలిగించిన ఫుట్‌బాల్ ఆయన తర్వాత ఆరిపోయింది. ఆయన శిక్షణ పద్ధతిని మన బళ్లూ సంఘాలూ అందిపుచ్చుకోకపోవడమే అందుకు అసలు కారణమని నా అభిప్రాయం.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. ఆయన చేసిన పని చూస్తే పంతులుతనమే కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే తోటివాడికి అందించాలి, అట్టేపెట్టుకుంటే కుదరదు. ఇంకో పోటీలో అలవాటైన కాలు వాడకూడదు, కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలితోనే ఆడాలి. లోపం ఎక్కడుందో అక్కడే సాధన చేయించడం మంచి ఉపాధ్యాయుడికి తెలిసిన విద్య. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన భారత జట్టూ ఆయనదే, అది దాచనక్కర్లేదు. అప్పుడు మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచిన జట్టూ ఆయనదే.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన్ను కేన్సర్ తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం అతణ్ని ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా భారత్‌కు వ్యతిరేకంగా హోరెత్తిస్తున్న జనం. పీకే బెనర్జీ ఒక గోల్ కొడితే, రెండోది జర్నైలే కొట్టాడు. 2-1తో స్వర్ణం మనది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు.

ఆయన పోయాక కూడా 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది కదా అనవచ్చు. నిజమే, కానీ ఆయన నీడలో పెరిగిన తరం ఇంకా మైదానంలో ఉన్న కాలమది. ఆ ట్రోఫీ మనకు మళ్లీ రాలేదు. కలకత్తా క్లబ్బులు మన ఆటగాళ్లను ఎగరేసుకుపోయాయన్న మాటలోనూ నిజముంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేరు తెచ్చుకున్నది ఈస్ట్ బెంగాల్‌లోనే. కానీ ఆటగాళ్లు వలసపోవడం రహీం ఉండగానూ ఉంది. ఒకడు పోతే ఇంకొకణ్ని తయారుచేసే చోటు అప్పుడుండేది, తర్వాత లేకుండా పోయింది. ఇక ఒమన్‌కు చమురు డబ్బుంది, మనకేముందంటారా? విదేశీ కోచ్‌ను తెచ్చుకోవడానికి డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. ఎడమకాలి పోటీ పెట్టడానికి మాత్రం ఒక బంతీ, కాస్త ఖాళీ జాగా, ఓపికున్న ఒక పంతులూ చాలు. రహీం అంతకంటే ఎక్కువ సరంజామాతో మొదలుపెట్టలేదు.

1960 తర్వాత భారత జట్టు ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో అడుగుపెట్టలేదు, 1962 తర్వాత ఆసియా క్రీడల స్వర్ణమూ చూడలేదు. హైదరాబాద్ బళ్లలోనైనా, అజైబాలో తెలుగు పిల్లలు ఆడుకునే చోటనైనా, ఏడాదికొకసారి రహీం పేరు మీద డ్రిబ్లింగ్ లేని పోటీ, అలవాటు లేని కాలి పోటీ రెండూ పెట్టండి.