కేటీ ఫోటో చెప్పే కథ

తల్లి మంచం పడితే పెద్దపిల్ల పొయ్యి దగ్గరికి చేరడం మనకి కొత్త కాదు. "ఎంత బుద్ధిమంతురాలో!" అని మెచ్చుకుని ఊరుకుంటాం. ఆ పిల్ల పడే చాకిరీని లోకానికి చూపించిన ఫోటో ఒకటుంది.

1849లో డెన్మార్కులో పుట్టిన జేకబ్ రీస్ 1870లో అమెరికా చేరి, న్యూయార్కులో పత్రికా విలేఖరి అయ్యాడు. పేదలుండే ఇరుకు వాటాల్లో తిరిగి ఫోటోలు తీశాడు. పిల్లల గురించి 1892లో ఆయన వేసిన పుస్తకంలో తొమ్మిదేళ్ళ కేటీ ఉంది. తల్లి పోయింది, తండ్రి మారుమనువు చేసుకున్నాడు. పిల్లలు వేరే కాపురం పెట్టారు. పెద్దవాళ్ళు ఫ్యాక్టరీకి వెడితే, ఇల్లు ఊడ్చి కడిగి, వంటచేసి పెట్టేది కేటీయే. మధ్యలో బడికీ వెళ్ళేది.

ఏం పని చేస్తావని అడిగితే, నేల తోముతానంది. రీస్ ఆ మాటే ఫోటో కింద వేశాడు. ముఖాన నవ్వులేదు ఆ పిల్లకి. ఫ్యాక్టరీలో పిల్లల కష్టానికి కూలిలెక్కైనా ఉంటుంది; ఇంటిచాకిరీని పనిగా ఎంచేదెవరు? ఆ ఫోటో ఎంచింది.

మనదేశంలో 2009 చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి చదువుని హక్కు చేసింది. అయినా పనిమనిషికి జ్వరమొస్తే, బదులుగా కూతురు మన గుమ్మంలో నిలబడుతుంది. "ఇవాళ బడి లేదటే?" అని అడుగుదాం. ఆ పూట గిన్నెలు మనమే కడుక్కుని, పిల్లని బడికి పంపిస్తే మనకి పోయేదేముందమ్మా?