గొలుసుకు గడువు

బరువుల నెత్తు సాధనములలో ఇనుప గొలుసువలె చెప్పక తెగునది వేరొకటి లేదని పంతొమ్మిదవ శతాబ్దారంభమునాటికే గనులలో పనిచేయువారు ఎరిగియుండిరి. నార మోకు తెగుటకు ముందు పీచు లేచును. కప్పీ ఇరుసు అరిగినచో కిర్రుమని మొరపెట్టును. గొలుసు మాత్రము నిన్నటిదాక మోసిన బరువునే, ఎట్టి సూచనయు నీయక, నేడు ఒక్క క్షణమున జారవిడుచును. జర్మనీ దేశమున హార్జ్ పర్వతప్రాంతమందలి క్లౌస్టాల్ గనులలో అధికారిగా నుండిన విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఈ ఆకస్మిక విచ్ఛేదమునకు హేతువేమో అరయగోరి, 1829 ప్రాంతమున, గొలుసునకు బరువును తగిలించుచు తొలగించుచు, ఆ మోతనే మరల మరల మోయించి పరీక్షించెను. గొలుసును తెంపునది బరువు పెద్దదగుట మాత్రమే కాదనియు, ఓర్వదగిన చిన్న బరువైనను పదేపదే మోసిన యెడల లోహము లోలోపల శిథిలమగుననియు తెలిపిన తొలి పరీక్షలలో అవి లెక్కకు వచ్చుచున్నవి.

పరీక్షతో ఆయన ఊరకుండలేదు. 1834లో ఇనుప తీగలను పురికి నాలుగు చొప్పున మూడు పురులుగా పేని, పన్నెండు తీగల మోకును గనిలోనికి దింపెను. నేడు క్రేనులయందును లిఫ్టులయందును వ్రేలాడు ఉక్కు మోకులన్నిటికిని మూలపురుషు డదియే. దాని గుణము బలము మాత్రమే కాదు. గొలుసులో ఒక్క కొండి విరిగినచో సర్వమును కూలిపోవుచుండగా, తీగమోకు సాధారణముగా ఒక్కొక్క తీగగా తెగుచు, చూడనేర్చినవానికి తన ఆయుర్దాయమును తానే చెప్పుచుండును. బరువెత్తు సాధనములను గడువు ప్రకారము పరీక్షింపవలెనను ఆచారమంతయు ఈ రెండు వస్తువుల స్వభావభేదముపైననే నిలిచినదని నా నమ్మకము.

ఆ కాలపు గొలుసులు ఎట్లు పుట్టెడివో కొంత చెప్పవలసియున్నది. ఇంగ్లండులో బర్మింగ్‌హామునకు చేరువనున్న క్రాడ్లీ హీత్ అను ఊరు గొలుసుల తయారీకి పేరుగన్నది. ఓడ లంగరులకు కావలసిన పెద్ద గొలుసులను కర్మాగారములలో పురుషులు సాగగొట్టుచుండగా, సన్నని గొలుసులను స్త్రీలు తమ యిండ్ల పెరడులలోని కొలుములయొద్ద, బిడ్డలను ప్రక్కన నుంచుకొని, కొండి తరువాత కొండిగా అతుకుచుండిరి. 1910లో ఆ స్త్రీలు మేరీ మెకార్థర్ నాయకత్వమున పది వారములు పోరాడి, గంటకు రెండున్నర పెన్నీల కనీస వేతనమును సాధించుకొనిరి. ప్రతి కొండికిని ఒక అతుకు కలదు; ఆ అతుకు లోపల కిట్టము చిక్కుకొన్నదో లేదో పైకి కానరాదు. ఓడ గొలుసులను యంత్రముపై లాగి పరీక్షింపక అమ్మరాదని బ్రిటిషు పార్లమెంటు 1864లోనే శాసించెను. అయితే అది సరకు కొనువాని రక్షణకై ఒక్కమారు జరుగు పరీక్ష. గొలుసు క్రింద నిలిచి పనిచేయువాని రక్షణకై ఏటేట జరుగవలసిన పరీక్ష వేరు.

ఆ రెండవది రేవులలో రూపుగట్టినది. బ్రిటనులో 1904లో రేవు నిబంధనలు వెలువడెను. 1929లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఓడరేవు కార్మికుల ప్రమాదనివారణకై ఒక ఒడంబడికను చేసి, 1932లో దానిని సంస్కరించెను. నాటి రేవు నిబంధనల ప్రకారము అరంగుళము లేక అంతకు సన్ననివైన గొలుసులను ఆరునెలల కొకమారును, లావు గొలుసులను ఏడాది కొకమారును ఎర్రగా కాల్చి మెల్లగా చల్లార్చవలసియుండెను. తీగమోకును మూడునెలల కొకతూరి చూడవలసియుండెను గాని, ఒక్క తీగ తెగినదన్న దినమునుండి నెలనెలయు చూడవలసియుండెను. మోకు మందమునకు ఎనిమిది రెట్లైన నిడివిలో మొత్తము తీగలలో పదవవంతునకు మించి తెగియున్నచో దానిని వాడరాదని బ్రిటిషు రేవు నిబంధనలు నిర్ణయించెను. గడువులన్నియు ఒక్కటి కాకుండుట గమనింపదగినది: ఏ వస్తువు ఎంత త్వరగా, ఎంత గుట్టుగా చెడునో ఎరిగి, దానికి తగిన గడువు నేర్పరచిరి.

కాల్చి చల్లార్చుట ఎందులకనగా, చేత ఇనుముతో చేసిన కొండ్లు దెబ్బలు తిని తిని పైపొర గట్టిపడి పెళుసెక్కును. అగ్నిసంస్కారముచే ఆ పెళుసుదనము తొలగును. తరువాతి కాలమున మిశ్రలోహపు ఉక్కు గొలుసులు వచ్చినప్పుడు ఇదే సంస్కారము హానికరమయ్యెను. ఏలయన వాని బలము మొదటనే వేడిమిచే నిర్ణీతమైనది, మరల కాల్చినచో అది నశించును. ఒకనాటి రక్షణ మరునాటి అపాయమగుటను చూచినప్పుడు, పరీక్షకుడు నిబంధన నెరిగియుండుట చాలదనియు, లోహము నెరిగియుండవలెననియు స్పష్టమగుచున్నది.

విశాఖపట్టణమున రేవు 1933లో తెరువబడెను. జెనీవా ఒడంబడికను అనుసరించి భారత డాకు కార్మికుల చట్టము 1934లో వచ్చెను గాని, అది అమలులోనికి వచ్చుట 1948లో. ఆ పదునాలుగేండ్లును కలాసీల తలలపై వ్రేలాడిన కొక్కెములకు ఈ చట్టపు అండ లేకపోయెను. ఇది నాకు బాధాకరముగా తోచుచున్నది.  ఆ 1948లోనే ఫ్యాక్టరీల చట్టమును వచ్చెను.

ఆ చట్టపు 28వ సెక్షను లిఫ్టులను ఆరునెలల కొకమారును, 29వ సెక్షను క్రేనులను, గొలుసులను, మోకులను, కొక్కెములను కనీసము పండ్రెండు నెలల కొకమారును అర్హుడైన వ్యక్తిచే క్షుణ్ణముగా పరీక్షింపజేసి, రిజిస్టరులో నమోదు చేయవలెనని విధించినది. క్షుణ్ణమనగా ఏమో చట్టమే వివరించుట నన్నాకర్షించినది: కంటితో చూచుట, అవసరమైనచో ఇతర మార్గములలో పరీక్షించుట, భాగములను విప్పి చూచుట. సంతలో కుండ కొను ఇల్లాలు వ్రేలితో తట్టి ఆలకించునట్లే, పరీక్షకుడు కొండిని సుత్తితో తట్టును. గట్టిది ఖంగున మ్రోగును, బీట వారినది మొద్దుగా పలుకును. ఇతర మార్గములను మాటలో అంతటి పురాతన విద్యకును చోటు మిగులుట మిక్కిలి సంతోషకరము. అర్హుడైన వ్యక్తి యెవరో నిర్వచించు వాక్యము మాత్రము 1987 సవరణతో గాని చేరలేదు.

కంటికిని చెవికిని అందని లోపమును బయటపెట్టుటకు బరువు పరీక్ష కలదు. రేవు నిబంధనల ప్రకారము ఇరువది టన్నులలోపు క్రేనునకు దాని పరిమితికన్న నాల్గవవంతు హెచ్చుగా బరువు మోయించి చూడవలెను. లోపము ఉన్నదేమోయను అనుమానమున్నచోటనే, నిత్యమును మోయని బరువును మోయించు సమయమది. 2020 ఆగస్టు 1వ తేదీన విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో డెబ్బది టన్నుల క్రేను ఇట్టి బరువు పరీక్ష జరుగుచుండగనే కూలి, పదునొకండుగురు మరణించిరి. యంత్రము నిలుచునని తేలువరకు అది కూలునదియే యని తలచి, దాని మీదను, దాని నీడ పడు మేరలోను అనవసరముగ ఒక్కని నైనను ఉండనీయక మనుష్యులను దూరముగ పంపి, ఆ సంగతిని రిజిస్టరులో బరువు అంకెకంటె ముందుగ వ్రాసి, పిమ్మట మాత్రమే మీట త్రిప్పుట ప్రతి పరీక్షలోను మొదటి పనిగా నుండవలెను.