హన్మాజిపేట నుంచి తెలుగు విశ్వవిద్యాలయం దాకా

మా కరీంనగర్ పల్లెల్లో ఎండాకాలం అంటే బాగోతాల కాలం. యాసంగి వడ్లు ఇల్లు చేరి, వానకాలం దుక్కులు ఇంకా మొదలుకాని రోజుల్లో చిందు బాగోతం ఆడే చిందోళ్లు ఊళ్లోకి వచ్చేవారు. అర్దళం రంగు పూసిన ముఖాలు, తలమీద కిరీటం, భుజకీర్తులు, కాళ్లకు గజ్జెలు. ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనక నుంచి ముందు గజ్జెల చప్పుడు వినిపించేది, ఆ తర్వాతే వేషం కనిపించేది. హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్వించేదాకా పిల్లలెవరూ కన్ను మూసేవారు కాదు. సారంగధరో, బాలనాగమ్మో, చెంచులక్ష్మో, ఏ కథ ఎత్తుకున్నా తెల్లవారేదాకా వాకిట్లోనే ఆట నడిచేది. ఆ నాటకశాలకు గోడలుండవు, టికెట్టుండదు. చిందోళ్లకు ఊరిమీద తరతరాలుగా వచ్చే మిరాశి హక్కు ఉండేది. అదే వారి బతుకు, అదే మా రంగస్థలం.

తెలుగు విశ్వవిద్యాలయానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంలో నాకు మొదట గుర్తొచ్చింది ఈ వాకిలి నాటకమే. ఎందుకంటే విశ్వవిద్యాలయాన్నీ వాకిలినీ కలిపే ఊరొకటి మా పాత కరీంనగర్ జిల్లాలోనే ఉంది. అది వేములవాడ దగ్గరి హన్మాజిపేట. 1931లో కవి సి. నారాయణరెడ్డి (సినారె) పుట్టిన ఊరది. ఒగ్గుకథను ఊరి పొలిమేరలు దాటించిన మిద్దె రాములుదీ ఆ ఊరే. చిన్ననాడు విన్న హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలే తనను పద్యం వైపు లాగాయని సినారె చెప్పుకునేవారు. అదే సినారె 1989 నుంచి 1992 దాకా తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. ఒకరు కుర్చీలో, ఒకరు గజ్జెలతో. ఇద్దరికీ మొదటి బడి మాత్రం ఆ వాకిలే అని నేను నమ్ముతాను.

విశ్వవిద్యాలయం 1985 డిసెంబరు 2న ఏర్పడింది. తొలి ఉపాధ్యక్షులు తూమాటి దోణప్ప. అప్పటిదాకా విడివిడిగా పనిచేసిన సాహిత్య, సంగీత, నాటక, లలితకళా అకాడమీలను ఇందులోనే కలిపారు. దానివల్ల రంగస్థల కళలు, జానపద కళలు డిగ్రీ ఇచ్చే చదువులయ్యాయి. వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం వెలిసింది. మనకు అన్నిటికన్నా దగ్గరి గడప అదే.

అయితే పునాది అంతకు ముందే పడింది. వరంగల్ జిల్లా దేవనూరు బిడ్డ బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసింది 1950లలోనే. పల్లె పాట కూడా సిద్ధాంత గ్రంథానికి తగిన వస్తువని తెలుగునాట నిలబెట్టిన పని అది. ఆదిలాబాద్ అడవుల్లో ఇంకా ముందే, 1940లలో, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో కాపురముండి రాజ్‌గోండుల కథలు రాసుకున్నారు. తర్వాత ఆయన ఉస్మానియాలో ఆచార్యులుగా పనిచేశారు. పుష్యంలో, మళ్లీ ఎండలు మండే వైశాఖంలో, గోండులు తమ వంశదేవత పెర్సాపేన్‌కు జాతర చేస్తారు. అప్పుడు వారి కథకులైన ప్రధానులు కీక్రీ అనే తీగవాద్యం వాయిస్తూ వంశకథ చెబుతారు. విశ్వవిద్యాలయం ఏదీ పుట్టకముందే ఆ అడవిలో పాఠం ఉంది, పాఠం చెప్పేవాడున్నాడు, వినేవాళ్లున్నారు. హైమెండార్ఫ్ భార్య బెట్టీ 1987లో మరణించారు, ఆమె సమాధి ఆ మార్లవాయిలోనే ఉంది. గుస్సాడీ నృత్య గురువు కనకరాజుది కూడా మార్లవాయే. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు.

ఈ కళలను ఎట్లా దాచుకోవాలో ఆలోచించడానికి ఇక్కడ కాసేపు ఆగాలి. పాటను కాగితంమీద రాసుకోవచ్చు, ఒగ్గుకథ అట్లా కాదు. ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కవాడు దాన్ని అందుకుంటాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, డోలు జవాబు చెబుతుంది. ఒక్క మనిషే నడుముకు గుడ్డ బిగించి మల్లన్న అవుతాడు, కొంగు కప్పుకొని ఎల్లమ్మ అవుతాడు. బీరప్ప కథ ఏ ఊళ్లో చెబితే ఆ ఊరి చెరువు, ఆ ఊరి మనుషులు కథలోకి వచ్చేస్తారు. ఈ రాత్రి చెప్పిన కథ రేపటి రాత్రికి కొంత మారుతుంది. రాసుకుంటే మిగిలేది ఎముకల గూడే. అందుకే టేపు కావాలి, ఇప్పుడైతే వీడియో కావాలి. ఏ ఊరు, ఏ నెల, ఎవరి ఇంటిముందు, డోలుమీద ఎవరు, తాళం ఎవరిది అన్న వివరాలు కూడా దాని పక్కనే రాసి ఉండాలి. కళాకారుడి పేరు లేని రికార్డును నేను రికార్డు అనను.

మిద్దె రాములు 2010లో వెళ్లిపోయారు. కథ నేర్చుకోవాలనుకునే ఈనాటి పిల్లవాడికి ఆయన గొంతే గురువు కావాలి. ఆ గొంతు వినడానికి వాడు హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయానికి బస్సెక్కాల్సిన అవసరం రాకూడదు. 2008 నుంచి కరీంనగర్‌కు సొంత శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. ఊరూరా గ్రంథాలయాలూ బడులూ ఉన్నాయి, ఆ గొంతును అక్కడే వినిపించవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయం ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకుంది. తన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పుస్తకంలో రాజుల యుద్ధాలకన్నా మామూలు జనం ఆటపాటలకు చోటిచ్చిన మనిషి ఆయన.

కాబట్టి విశ్వవిద్యాలయం పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ దగ్గరున్న ఒగ్గు, చిందు, ప్రధానుల కథల రికార్డులకు పేర్లతో, ఊళ్లతో జాబితా అచ్చు వేయండి. ప్రతి రికార్డు నకలు ఒకటి అది పుట్టిన ఊరికి పంపండి. వచ్చే ఎండాకాలం హన్మాజిపేటలోనూ మార్లవాయిలోనూ, ఆ వాకిళ్లలోనే, ఊరంతా కూర్చుని వినేటట్టు చేయండి.