వెనక్కి తిరిగి మెట్లు దిగిన మనిషి



చరక సంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయానికి ‘అష్టౌనిందితీయం’ అని పేరు. దేహాన్ని బట్టి నిందకు గురయ్యే ఎనమండుగురిని గూర్చి చెప్పే అధ్యాయమది. మిక్కిలి పొడగరి, మిక్కిలి పొట్టివాడు, ఒళ్లంతా రోమాలున్నవాడు, బొత్తిగా లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి లావైనవాడు, మిక్కిలి బక్కవాడు. వీరిలో చివరి ఇద్దరిని గూర్చే ఆచార్యుడు విస్తరించి, వారి రోగ కారణాలను, చికిత్సను వివరిస్తాడు. ‘నిందితుడు’ అనే మాటను ఈనాడు మనం నేర వార్తలలో చదువుతున్నాం. ఏ నేరమూ చేయకుండా కేవలం దేహం కారణంగా బోనెక్కవలసి రావడం ఎంత పాత వ్యవహారమో ఆ శీర్షికే చెబుతుంది.

ఈ నిందను తలవంచి భరించి, ఆపైన దానిని గూర్చి నోరు విప్పిన ఒక మనిషి కథ చెప్పాలని ఈ టపా. ఇప్పుడు ఇంటింటా వినిపిస్తున్న ‘కీటో’ అన్న మాటకు ముత్తాత వంటివాడతడు.

విలియం బాంటింగు లండను నగరవాసి. వృత్తి అంత్యక్రియల నిర్వహణ. ఆ కుటుంబం సామాన్యమైనది కాదు, రాజకుటుంబపు అంత్యక్రియలు వారి చేతిమీదుగా జరిగేవి. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. 1862 ఆగస్టు నాటికి అతడి బరువు 202 పౌనులు, అంటే దాదాపు 92 కిలోలు. అప్పటికి వయస్సు అరవై దాటింది. వంగి బూటు తాళ్లు కట్టుకోలేడు. మోకాళ్లమీద, చీలమండలమీద బరువు పడకుండా ఉండడానికి మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి, ఒక్కొక్క మెట్టే నెమ్మదిగా దిగేవాడు. ఎందరో ఘనులను సగౌరవంగా సాగనంపిన పెద్దమనిషి తన ఇంటి మెట్లు తాను ముందుకు చూస్తూ దిగలేకపోయాడు.

అతడు చేయని ప్రయత్నం లేదు. వైద్యుల సలహామేరకు ఉదయాన్నే పడవ నడిపాడు. కండబలంతో పాటు ఆకలి కూడా పెరిగి, బరువు మరింత హెచ్చింది. ఆవిరి స్నానాలు చేశాడు, ఖనిజ జలాలున్న ఊళ్లకు వెళ్లి ఆ నీళ్లు తాగాడు. ఫలితం దక్కలేదు. చివరకు చెవులు సరిగా వినబడక విలియం హార్వీ అనే చెవి వైద్యుణ్ణి ఆశ్రయించాడు. ఈ హార్వీ అంతకుముందు పారిస్ నగరంలో క్లాడ్ బెర్నార్డు ఉపన్యాసాలు విన్నవాడు. కాలేయానికీ చక్కెరకూ గల సంబంధాన్ని బెర్నార్డు వివరించగా విని, మధుమేహులకు పనికివచ్చే పథ్యం స్థూలకాయులకూ పనికిరావచ్చునని ఊహించాడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానమని బాంటింగుకు చెప్పాడు. మాంసం, చేపలు, కూరగాయలు, కొంచెం పండ్లు తినమన్నాడు.

1863 ఆగస్టు 26 నాటికి బాంటింగు 156 పౌనులకు దిగాడు. ఏడాది కాలంలో 46 పౌనులు, సుమారు 21 కిలోలు తగ్గాడు. నడుము చుట్టుకొలత 12¼ అంగుళాలు తగ్గింది. వినికిడి మెరుగుపడింది. మెట్లు అందరిలా ముందుకు చూస్తూ దిగసాగాడు.

తన అనుభవాన్ని ప్రజలనుద్దేశించి రాసిన ఒక ఉత్తరంగా 1863లో చిన్న పుస్తకం అచ్చువేయించాడు. మొదట సొంత ఖర్చుతో ఉచితంగా పంచాడు. గిరాకీ పెరగగా తరువాతి ముద్రణలకు వెల పెట్టాడు. బరువు తగ్గడానికి పథ్యం చేయడాన్ని ఇంగ్లీషులో అతడి ఇంటిపేరు మీదనే పిలవడం మొదలైంది. స్వీడిష్ భాషలో ఈనాటికీ పథ్యం చేయడాన్ని ‘బాంటా’ అంటారు. ఒక వ్యక్తినామం క్రియాపదమై పరభాషలో స్థిరపడడం భాషాభిమానులకు ముచ్చట గొలిపే సంగతి.

నన్ను కదిలించినది మాత్రం ఆ అంకెలు కావు. బాంటింగు స్థూలకాయాన్ని మనిషిని పట్టి పీడించే పరాన్నజీవితో పోల్చాడు. సభలలో, బండ్లలో, వీధులలో జనం విసిరే మాటలు, నవ్వులు ఎంత బాధిస్తాయో రాశాడు. అందుచేత జనసమ్మర్దమున్న చోట్లకు వెళ్లడమే తగ్గించుకున్నానని ఒప్పుకున్నాడు. చరకుడి పట్టికలో మనిషే నిందితుడు. బాంటింగు మనిషిని ఒకవైపు, కొవ్వును ఒకవైపు నిలబెట్టి, దోషం దానిది, నాది కాదు అన్నాడు. ఆ కాలానికి అది సాహసమే.

ఐతే బాంటింగు పథ్యం నేటి కీటో కాదు. అందులో కొంచెం కాల్చిన రొట్టె ఉన్నది, ద్రాక్షసారా ఉన్నది. కీటో పుట్టుక వేరు. మూర్ఛరోగులకు ఉపవాసంలో మూర్ఛలు తగ్గుతున్నాయని వైద్యులు గమనించారు. ఉపవాసం లేకుండానే ఆ స్థితిని తేవచ్చునని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్కుకు చెందిన రసెల్ వైల్డర్ ప్రతిపాదించి, కొవ్వు అధికంగా, పిండిపదార్థం అత్యల్పంగా ఉండే ఆహారానికి ‘కీటోజెనిక్’ అని పేరు పెట్టాడు. 1938లో ఫెనిటోయిన్ అనే మందు రావడంతో అది క్రమంగా మూలపడింది. 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకంతో పిండిపదార్థాల నిషేధం బరువు తగ్గే మార్గంగా మళ్లీ ప్రచారం పొందింది. మన తెలుగునాట 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి సభలకు జనం తండోపతండాలుగా వెళ్లడం, కొబ్బరినూనె, నిమ్మకాయలు వంటింట పథ్యమై కూర్చోవడం, టీవీలలో వైద్యుల వాదోపవాదాలు - ఇవి అందరికీ జ్ఞాపకమే.

ఈ పథ్యంలో దేహానికి జరిగేది ఇది. ఒక కప్పు అన్నంలోనే దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కీటోలో రోజు మొత్తానికి 20 నుంచి 50 గ్రాములే. చక్కెర అందక కాలేయం కొవ్వును కరిగించి కీటోనులుగా మార్చి మెదడుకు అందిస్తుంది. మొదటి వారంలో కనబడే తగ్గుదలలో ఎక్కువ భాగం నీరు. దేహంలో నిలవ ఉండే గ్లైకోజెన్ ఒక గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చైతే నీరూ పోతుంది. తలనొప్పి, నీరసం, శ్వాసలో ఒక వింత వాసన కలుగుతాయి. బరువు వేగంగా తగ్గినవారికి రెండు మూడు నెలలకు జుట్టు రాలవచ్చు. చర్మం వదులై వేలాడవచ్చు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా దీనికి పూనుకోరాదు.

ఇవన్నీ అద్దంలో కనబడే మార్పులు. కనబడనిది ఒకటున్నది.

నేను బడిలో పాఠం చెప్పే రోజులలో ఒక లావుపాటి కుర్రవాడుండేవాడు. రామాయణ కథ చెబుతూ ఒకనాడు వాణ్ణి లేపి నిలబెట్టి, “ఇదిగో మన కుంభకర్ణుడు” అన్నాను. తరగతి గొల్లుమన్నది. వాడూ నవ్వాడు. ఆ నవ్వు చూసి చమత్కారం పండిందనుకున్నాను. ఆ పేరు వాడికి బడి వదిలేదాకా ఉండిపోయింది.

కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లిలో అతడే వచ్చి పలకరించాడు. నేను గుర్తుపట్టలేదు. కీటో చేసి బాగా తగ్గాడట. పళ్లెంలో అన్నం లేదు, కూరలే ఉన్నవి. మాటల మధ్య ఎవరో పిలిస్తే కుర్చీల వరుసల నడుమనుంచి వెళ్లాడు. ఇద్దరు పక్కపక్కన నడవదగిన దారి అది. అతడు మాత్రం పొట్ట లోపలికి లాగి, పక్కకు తిరిగి, “కొంచెం జరగండి” అంటూ వెళ్లాడు. తిరిగివచ్చాక అడిగాను, అంత చోటుండగా అలా ఎందుకని.

“అలవాటు పోలేదు మాస్టారూ. అద్దంలో కూడా నాకింకా పాతవాడే కనబడతాడు.”

కుంభకర్ణుడి మాట గుర్తున్నదా అని అడిగాను. ఉన్నదన్నాడు. “తప్పు చేశాను నాయనా” అన్నాను. “అయ్యో, మీరొక్కరే కాదుగా మాస్టారూ, అందరూ అన్నారు” అంటూ నాకు మంచినీళ్ల గ్లాసు అందించాడు. ఓదార్పుగా అన్న ఆ మాటే నన్ను ఎక్కువ బాధించింది. అందరిలో మొదట అన్నవాణ్ణి నేనే కదా.

బాంటింగు ఇంటి మెట్లు ముందుకు చూస్తూ దిగడానికి ఏడాది పట్టింది. నా శిష్యుడు కుర్చీల మధ్యనుంచి నేరుగా నడవడానికి ఇంకెంత కాలం పడుతుందో! మీ ఇళ్లలో ఎవరైనా ఈ పథ్యం చేస్తూ ఉంటే, “ఎన్ని కిలోలు తగ్గావు?” అని అడిగే ముందు, “ఒంట్లో ఎలా ఉన్నది?” అని అడగండి. మీలో ఉపాధ్యాయులెవరైనా ఉంటే, ఉపమానం కోసం తరగతిలోని పిల్లల ఒళ్లు వెదకకండి.

సెలవు.