చట్రము మారినను గాదె యొక్కటే

పాత యింటిలో కాపురముండియే క్రొత్త యిల్లు కట్టుకొనుట మన గ్రామములలో నెల్లవారు నెఱిగిన పనియే. ఒక గది పడగొట్టుదురు, ఒక గది లేపుదురు. వంటిల్లు నేడిచట నుండును, ఱేపచట నుండును. ఇంత సందడిలోను ధాన్యపు గాదె నెవ్వరును రెండు చేయరు. రెండు గాదెలైన యింట లెక్క నిలువదు.

నేను చెప్పబోవు చరిత్రయు నిట్టిదే కాని, అది కంప్యూటరులలో కట్టిన యిండ్ల చరిత్ర. రైలు టిక్కెట్టు కొనుటకును, బ్యాంకులోని సొమ్ము చూచుకొనుటకును మనము తెఱచు ఇంటర్నెట్టు పుటలు వట్టి పుటలు కావు. పని చేయు యంత్రములు. వానిని వెబ్ అప్లికేషనులందురు. వానిని పునాదినుండి స్వయముగా కట్టుట శ్రమ గనుక, ముందే సిద్ధపఱచిన చట్రములపై కట్టుదురు. ఆ చట్రమునకు ఫ్రేమ్‌వర్కని పేరు. తెలుగు పాఠములు చెప్పుకొని బ్రతికినవానికి ఈ ప్రస్తావన యేల యని మీరడుగవచ్చును. హైదరాబాదులో ఈ వృత్తిలోనున్న నా పూర్వశిష్యుడొకడు ఈ గాథ నాకు తొలుత చెప్పెను. పిమ్మట ఆ చట్రమును నిర్మించినవారు వెలువరించిన వ్రాతలను నేనే చదివితిని. చదువగా, ఇది శబ్దార్థముల విషయమే యని తోచినది.

యాంగ్యులర్ జేఎస్ అను చట్రమును 2009వ సంవత్సరమున మిష్కో హెవెరీ యారంభించెను. గూగుల్ సంస్థలో ఫీడ్‌బ్యాక్ అను పనికై ఆఱు నెలలలో వ్రాసిన 17,000 పంక్తుల గ్రంథమును తాను రెండు వారములలో తన చట్రముపై తిరుగ వ్రాయుదునని అతడు పందెము వేసెను. మూడు వారములు పట్టినది, పందెమోడెను. కాని పంక్తులు 1,500లకు దిగినవి! ఇట్టి యోటమి యెవరికి చేదు? 2012 జూనులో ఆ చట్రము ప్రథమ సంఖ్యతో వెలువడి, కొలది యేండ్లలో దేశదేశములకు వ్యాపించెను.

అందు సర్వీసులని కొన్ని భాగములు గలవు. లోనికి వచ్చిన మనుష్యుడెవ్వడు, అతని బుట్టలో నేమేమి యున్నవి, దూరపు యంత్రమునుండి సమాచారము నెట్లు తేవలెను – ఇట్టి ఉమ్మడి పనులు వానివి. పుటలోని యే భాగమైనను తనకు కావలసిన సేవను తాను తయారు చేసికొనదు. పేరు చెప్పి యడుగును. ఇంజెక్టరు అను భాండాగారి దానిని తెచ్చి యిచ్చును. మొదటి మాఱు అడిగినపుడే అది పుట్టును. తరువాత నెవ్వరడిగినను అదే దొరకును. ఎంత పెద్ద యప్లికేషనైనను తన లెక్క తప్పకుండుట ఈ యేకత్వమువలననే.

2014 అక్టోబరులో పారిస్ నగరమున జరిగిన సభలో, రాబోవు రెండవ యాంగ్యులర్‌లో పాతవానిలో నేమేమి యుండవో నిర్మాతలు ప్రకటించిరి. కంట్రోలరు, స్కోపు మొదలగువాని పేళ్లను సమాధిఱాళ్లపై వ్రాసి చిత్రములుగా చూపిరి. వినోదమునకై చేసినదే కావచ్చును. కాని బ్రతికియున్న యింటివారి యెదుట ఆ యింటికి సమాధి గీయుట ఉచితము కాదని నా తలంపు. పాతదానిపై ఏండ్ల తరబడి కట్టుకొన్నవారు దారి యేదని యడిగిరి. ఆనాటికి చూపదగిన దారి లేదు. ఉన్నదంతయు పాఱవైచి మరల కట్టవలెనన్నచో నెన్నో సంస్థల పని నిలిచిపోవును. గగ్గోలు పుట్టినది; పుట్టుట న్యాయమే.

నిర్మాతలు ఆ మొఱ వినిరి. 2015లో ఎన్‌జీ అప్‌గ్రేడ్ అను వంతెనను ప్రకటించిరి. పాత చట్రమును క్రొత్త చట్రమును ఒకే పుటలో నొకేమాఱు నడువవచ్చును. ఒక్కొక్క భాగమును తీఱికగా మార్చుకొనవచ్చును. 2016 సెప్టెంబరులో రెండవ యాంగ్యులర్ వెలువడెను.

గాదె సమస్య యిచ్చట తలయెత్తినది. రెండు చట్రములకు ఇద్దఱు భాండాగారులు. క్రొత్త గదులవారు తమకొక సేవను, పాత గదులవారు తమకొక సేవను ఉంచుకొన్నచో, ఒకచోట లోనికి వచ్చినట్లు నమోదైన మనుష్యుడు మఱియొకచోట పరాయివాడగును. ఇక్కడ బుట్టలో వేసిన వస్తువు అక్కడ కనబడదు. పైగా ఇద్దఱి భాషయు నొకటి కాదు. పాత భాండాగారి యక్షరములతో కూర్చిన పేరును బట్టి వస్తువు నిచ్చును. క్రొత్తవాడు సామాన్యముగా క్లాసు అను వర్గమునే గుర్తుగా గైకొనును. ఒకడు నామము నడుగును, ఒకడు రూపము నడుగును.

అమరకోశము వల్లించినవానికి ఒక వస్తువునకు పలునామములుండుట వింత కాదు. వంతెన కట్టినవారును ఆ మార్గమునే పట్టిరి: వస్తువును రెండు చేయక, పేరును రెండు చేసిరి. పాత సేవ క్రొత్తవారికి కావలసినచో, పాత భాండాగారిని పేరు పెట్టి యడిగి తెచ్చు చిన్న ఫ్యాక్టరీని క్రొత్తవాని పట్టికలో చేర్తురు. క్రొత్త సేవ పాతవారికి కావలసినచో, డౌన్‌గ్రేడ్ ఇంజెక్టబుల్ అను సాధనముతో దానికొక పాతకాలపు పేరు పెట్టి పాత పట్టికలో చేర్తురు. ఎటునుండి యడిగినను చేతికి వచ్చునది యొక్కటే.

దీనిని నేర్పుటకై వారు ఫోన్‌క్యాట్ అను చిన్న యప్లికేషనును ఉదాహరణముగా గైకొనిరి. అది ఫోనుల పట్టిక; అందొకదానిని నొక్కినచో దాని వివరములు వచ్చును. ఆ పాఠములో, తెఱపై కనబడు భాగములకంటె ముందు ఫోనుల సమాచారము తెచ్చు సేవనే క్రొత్త చట్రమునకు మార్చిరి. మార్చి, దానికొక పాతకాలపు పేరు పెట్టి పాత భాగముల కందించిరి. వివరముల పుట మాఱినపుడు దానికి ఏ ఫోను కావలెనో చెప్పు సేవ యింకను పాత యింటిలోనే యున్నది. దానిని ఫ్యాక్టరీ ద్వారా ఇటు తెచ్చిరి. రెండు దిక్కుల రాకపోకలును ఈ చిన్న పాఠములోనే కలవు. ఉపాధ్యాయుడనుగా చెప్పుచున్నాను, ఇది మంచి పాఠ్యక్రమము.

చిక్కులు లేకపోలేదు. పాత సేవ యిచ్చిన పాత్ర మొదట ఖాళీగా వచ్చి, సమాచారము చేరినపుడు తానే నిండెడిది. క్రొత్తది అట్లు కాదు. వచ్చినపుడు నాకు చెప్పుమని యడిగినవాడు ముందే విన్నవించుకొనవలెను. అందువలన పుచ్చుకొనువారు తమ పద్ధతి మార్చుకొనవలసి వచ్చెను. పాత చట్రము మేల్కొనకముందే దాని భాండాగారిని పిలిచినచో, అతడింకను నియమింపబడలేదను తప్పు పలుకును. పొయ్యి వెలిగింపకముందే వడ్డింపుమన్నట్లు. మఱియు, ఏ చిన్న సంఘటన జరిగినను రెండు చట్రములును తమ తమ లెక్కలు సరిచూచుకొనుటచే పెద్ద యప్లికేషనులు మందగించినవి. దీనికి విరుగుడుగా, రెంటిని కొంత విడదీసి నడుపు మఱియొక పద్ధతి తరువాత వచ్చినది.

2018 జూలై 1 నుండి యాంగ్యులర్ జేఎస్‌కు క్రొత్త సదుపాయములు చేర్చుట మాని, సంరక్షణ మాత్రము సాగించిరి. మూడేండ్లకు ముగియవలసిన ఆ గడువును కోవిడు కారణమున ఆఱు నెలలు పొడిగించి, 2021 డిసెంబరు 31తో ముగించిరి. ఫోన్‌క్యాట్ పాఠములో కడపటి పాత భాగమును తొలగించిన పిదప వంతెననే తీసివైతురు. పాత పట్టికల కాగితములు పోవును. ఫోనుల సేవ మాత్రము తన రెండవ పేరును విడిచి, ఉన్నచోటనే యుండును.