వాల్వు స్ప్రింగుల మార్పిడి: ఇంటి వద్ద కావలసిన పనిముట్లు, వాటి వినియోగం

నాలుగు స్ట్రోకుల ఇంజనులో వాల్వులను తెరిచేది క్యామ్‌షాఫ్టు, మూసేది స్ప్రింగు. క్రాంకు నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క స్ప్రింగు నిమిషానికి 3,000 పర్యాయాలు, అనగా సెకనుకు 50 పర్యాయాలు కుదించుకొని విచ్చుకోవలసి ఉంటుంది. వేడిలో ఏళ్ల తరబడి ఈ శ్రమకు లోనైన ఉక్కు క్రమంగా బిగువు కోల్పోతుంది. అప్పుడు వాల్వు సకాలంలో మూసుకోదు. వేగం పెంచినకొద్దీ ఇంజను తడబడుతుంది, శక్తి తగ్గుతుంది. స్ప్రింగు పూర్తిగా విరిగితే వాల్వు జారి పిస్టను దారికి అడ్డుపడవచ్చు. స్వల్ప ఖర్చుతో పోవలసిన పని అప్పుడు వాల్వు, పిస్టను, హెడ్డు మూడింటికీ చేటు తెస్తుంది.

అయితే ఇవే లక్షణాలు ట్యాపెట్ సందు తప్పినా, ప్లగ్గు చెడినా కనిపిస్తాయి. కనుక ముందుగా వాటిని పరీక్షించి, పిదప పై మూత విప్పి స్ప్రింగులను చూడడం క్రమం.

హెడ్డు విప్పవలెనా?

100 సి.సి. తరగతి మోటారు సైకిళ్లలో హెడ్డు చిన్నది, తేలికైనది. దానిని విప్పి బల్లపై ఉంచి పని చేయడమే సులభం, క్షేమం. కార్లలో హెడ్డు బరువైనది కనుక, వీలున్నచోట దానిని కదపకుండానే స్ప్రింగులు మారుస్తారు. ఇందులోనూ ఇంజనును బట్టి తేడాలుంటాయి. ఉత్పత్తి 2014లో ఆగిపోయిన అంబాసిడర్ కారు పాత 1,489 సి.సి. పెట్రోలు ఇంజనులో రాకరు షాఫ్టును పట్టి ఉంచే నట్లలో నాలుగు హెడ్డును కూడా బిగించి ఉంచుతాయి. ఆ నాలుగింటినే విప్పితే హెడ్డు వంగి, నీరు సిలిండరులోకి దిగే ప్రమాదం ఉంది. అందుచేత రేడియేటరు నీరు తీసివేసి, హెడ్డు నట్లన్నిటినీ కొద్దికొద్దిగా వదులు చేయవలసి ఉంటుంది. ఏ ఇంజనుకైనా దాని మాన్యువల్ దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి.

పనిముట్ల ఎంపిక

సి-ఆకారపు కంప్రెసరు: విప్పిన హెడ్డుకు ఇదే ప్రధాన సాధనం. ఒక కొన వాల్వు ముఖంపై, రెండవ కొన స్ప్రింగు పైనున్న రిటైనరుపై ఆనుతుంది. కొనేటప్పుడు మూడు అంశాలు చూడాలి. రిటైనరుపై ఆనే గిన్నె దాని అంచుపై జారకుండా కూర్చోవాలి. ఆ గిన్నెకు లాకులు తీసేందుకు తగిన కిటికీ ఉండాలి. చట్రం హెడ్డును దాటి అందేంత లోతుగా ఉండాలి. కార్లకు చేసిన పెద్ద గిన్నె మోటారు సైకిలు హెడ్డులో గోడలకు తగిలి ఆగిపోతుంది. కొత్తవారికి మీట కంటె మర గలది మేలు. ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది, చేయి తీసినా నిలిచి ఉంటుంది.

మీట కంప్రెసరు: హెడ్డు స్థానంలోనే ఉన్నప్పుడు ఉపయోగపడుతుంది. స్టడ్డును గాని, రాకరు షాఫ్టును గాని ఆధారం చేసుకొని స్ప్రింగును అదుముతుంది.

ఇతరములు: సన్నని పట్టకారు, అయస్కాంతపు పుల్ల, ప్లాస్టిక్ సుత్తి, వెర్నియర్ కాలిపర్, ఫీలర్ గేజి, టార్క్ రెంచి, కళ్లకు రక్షణ అద్దాలు. అదిమిన స్ప్రింగు జారితే లాకు నేరుగా కంటికి తగలవచ్చు. కావున అద్దాలు లేకుండా పని మొదలుపెట్టరాదు.

ఈ సాధనాల కోసం సరిహద్దు పట్టణాలవారు బెంగళూరు జె.సి. రోడ్డు, చెన్నై పుదుప్పేట, హైదరాబాదు రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్‌లలో వాకబు చేయవచ్చు. చిన్న ఇంజనుకైతే జి-క్లాంపు, పక్కన కిటికీ కోసిన ఇనుప గొట్టపు ముక్క కూడా సరిపోతాయి. సాకెట్టు పెట్టి సుత్తితో గట్టిగా కొట్టి లాకులు ఊడగొట్టే పద్ధతి మాత్రం పనికిరాదు. వాల్వు కాడ వంగుతుంది.

తాటి పద్ధతి

హెడ్డు విప్పనప్పుడు లాకులు తీయగానే వాల్వు సిలిండరులోకి జారకుండా చూడాలి. కంప్రెషను స్ట్రోకులో, రెండు వాల్వులూ మూసి ఉండగా, పిస్టను పై కొనకు కొంత దిగువన ఉన్నప్పుడు ప్లగ్గు రంధ్రం గుండా నైలాను తాడు చొప్పించి, ఒక కొనను వెలుపల ఉంచుకోవాలి. పోగులు రాలకుండా లోపలికి వెళ్లే కొనను ముందే కాల్చి అతికించుకోవాలి. పిమ్మట క్రాంకును చేతితో తిప్పితే పిస్టను తాడును పైకి నొక్కి, తాడు వాల్వులను ఆపి ఉంచుతుంది. స్టార్టరు వాడరాదు. గాలి కంప్రెసరుతోనూ వాల్వును నిలపవచ్చు గాని, కరెంటు పోయినా గొట్టం ఊడినా వాల్వు జారుతుంది. పైగా గాలి ఒత్తిడికి క్రాంకు హఠాత్తుగా తిరగవచ్చు. ఇంటి పనికి తాడే నమ్మకమైనది.

పని క్రమం

1. నూనె దారులను, చైను గదిని శుభ్రమైన గుడ్డతో మూయాలి. ఒక్కొక్క వాల్వుకు రెండు లాకులు. విప్పేటప్పుడు, బిగించేటప్పుడు లెక్కపెట్టాలి.

2. స్ప్రింగును కొద్దిగా అదిమి, కదలకపోతే రిటైనరు పైనున్న కంప్రెసరు కొనపై సుత్తితో తేలికగా తట్టాలి. లాకులు బయటపడేంత వరకే అదమాలి.

3. లాకులను అయస్కాంతంతో తీసి, ఇన్‌లెట్, ఎగ్జాస్టు భాగాలను వేరువేరు డబ్బాలలో ఉంచాలి. వాల్వును బయటికి తీయవలసివస్తే కాడ కొనన లేచిన అంచును ముందుగా నునుపు చేయాలి. లేనిచో గైడు గీసుకుపోతుంది.

4. పాత స్ప్రింగు పొడవును వెర్నియరుతో కొలిచి మాన్యువల్ హద్దుతో పోల్చాలి. గాజు పలకపై నిలిపి మూలమట్టం ఆనించి చూస్తే ఒరిగినదీ లేనిదీ తెలుస్తుంది. ఒకటి చెడినా అన్నింటినీ ఒకేసారి మార్చడం ఉత్తమం. కాడకుండే ఆయిల్ సీలు కూడా కొత్తదే వేయాలి.

5. చుట్లు ఒకవైపు దగ్గరగా, మరొకవైపు ఎడంగా ఉన్న స్ప్రింగులో దగ్గరి చుట్లు హెడ్డు వైపు ఉండాలి. జంట స్ప్రింగులలో లోపలిది, వెలుపలిది ఎదురెదురు దిశలలో చుట్టబడి ఉంటాయి; ఒకటి విరిగినా రెండవదానిలో చిక్కుకోకుండుటకే ఈ ఏర్పాటు.

6. లాకులకు కొద్దిగా గ్రీజు రాస్తే కాడ గాడిలో అంటుకొని నిలుస్తాయి. కంప్రెసరును మెల్లగా వదలి, రెండు లాకులూ సమంగా కూర్చున్నవో లేదో చూచి, కాడ కొనను ప్లాస్టిక్ సుత్తితో తేలికగా తట్టాలి. లాకు సరిగా కూర్చోనట్లయితే అది ఈ దశలోనే బయటపడాలి. ఇంజను నడుస్తుండగా ఊడితే నష్టం అపారం.

7. హెడ్డు విప్పి ఉంటే కొత్త గ్యాస్కెట్ వేసి, నట్లను మాన్యువల్ చెప్పిన వరుసలో, దశలవారీగా టార్క్ రెంచితో బిగించాలి. తాడు వాడి ఉంటే పిస్టనును కిందికి దింపి దానిని బయటికి తీయాలి.

8. చల్లని ఇంజనుపై ట్యాపెట్ సందు సరిచేసి, ప్లగ్గు లేకుండా క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలవంతం చేయక, కారణం వెతకాలి.

వాల్వు కూర్చునే సీటు గుంటలు పడినా, గైడులో కాడ పక్కలకు ఊగుతున్నా కొత్త స్ప్రింగు వలన ఫలితం ఉండదు. అట్టి హెడ్డును యంత్రాలు గల వర్కుషాపుకు అప్పగించి, సీటు, గైడు సరిచేయించిన తరువాతనే స్ప్రింగులు బిగించాలి.