కార్పెట్ వెనక పురికొస

ఈమధ్య ఒక శనివారం పొద్దున్నే నాన్నని బండి మీద ఎక్కించుకుని బెంజ్ సర్కిల్ వెళ్ళాను. ఆ దగ్గర్లోనే ఒక హాల్లో ఇంటీరియర్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. పాతరోజుల్లో అక్కడ బెంజ్ లారీల కంపెనీ ఉండేది కాబట్టి ఆ పేరొచ్చిందని మా వైపు పెద్దవాళ్ళు చెప్తారు. కాకాని వెంకటరత్నం గారి విగ్రహం ఉన్న సర్కిల్ గానే నాకు చిన్నప్పటి గుర్తు. ఇప్పుడు నెత్తి మీద ఫ్లైఓవర్లు, కింద ఎప్పటిలాగే ట్రాఫిక్. బండి పార్క్ చెయ్యడానికే ఇరవై నిముషాలు పట్టింది.

చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్, పిచ్చేమో హిస్టరీది. ఇలాంటివాడికి ఇంటీరియర్స్ ఎగ్జిబిషన్లో ఏం పని అంటారా? చెప్తాను.

మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు మా వీధిలోకి, ఆనక మా హాల్లోకి వచ్చింది. అమ్మావాళ్ళు పైవాళ్ళ ఇంట్లో తలదాచుకున్నారు. నేను బెంగళూరులో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు పోయాక తలుపు తీసి చూస్తే, నానమ్మ కాపురానికొచ్చినప్పుడు చేయించిన టేకు మంచం బురద పూసుకుని గట్టిగా నిలబడి ఉంది. 2019లో నా మొదటి సంపాదనతో చేయించిన టీవీ యూనిట్టు, రెండు వార్డ్‌రోబులు మాత్రం టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి, పొరలు విడిపోయి కుప్పగా పడున్నాయి.

ఏడాది పైగా గోడలు ఆరబెట్టుకుని, ఇప్పుడు మళ్ళీ అన్నీ చేయించాలి. అందుకే ఆ ఎగ్జిబిషన్.

లోపలికెళ్ళాక రెండుగంటల్లో మేం సాధించినవి ఇవి: నాలుగు సంచుల బ్రోషర్లు, మూడు పెన్నులు, ఒక ఉచిత కాఫీ. పదకొండు చోట్ల నా ఫోన్ నంబరు రాసొచ్చాను (సోమవారం స్టాండప్ మీటింగులో దాని ఫలితం అనుభవించాను). ఏ బోర్డు ఏ చెక్కతో చేశారో, రేటెంతో, తడి తగిలితే ఏమవుతుందో.. ఒక్కటీ తెలియలేదు. అన్నీ బ్రహ్మాండంగా మెరుస్తున్నాయి, అంతే. బయటికొచ్చాక నాన్న, "పెళ్ళికెళ్ళి భోంచెయ్యకుండా వచ్చినట్టుందిరా" అన్నారు.

ఆ రాత్రి నిద్రపట్టక, అసలీ ఎగ్జిబిషన్లనే తంతు ఎక్కడ మొదలైందా అని చదవడం మొదలెట్టాను. తెల్లారేసరికి తేలిందేంటంటే, అక్కడ ఏం అడగాలో, ఏం చూడాలో నూటడెబ్భై ఏళ్ళ కిందటే మనకి పాఠాలున్నాయి. అందులో ఒక పాఠం మన కృష్ణాజిల్లాదే.

1851 మే నెలలో లండన్ హైడ్ పార్కులో "గ్రేట్ ఎగ్జిబిషన్" మొదలైంది. జోసెఫ్ పాక్స్టన్ అనే ఆయన ఇనుము, గాజు కలిపి కట్టిన క్రిస్టల్ పాలెస్ దానికి వేదిక. అక్టోబరు దాకా నడిచిన ఆ ప్రదర్శనకి అరవై లక్షల పైగా టికెట్లు తెగాయి. మన దేశం సరుకులకి పెద్ద విభాగమే ఇచ్చారు, ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్ళే దగ్గరుండి పేర్చారు.

అక్కడ అన్నిటికన్నా ఎక్కువమంది ఎగబడింది కోహినూర్ వజ్రం కోసం. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రమే. తమాషా ఏంటంటే, చూసినవాళ్ళు పెదవి విరిచారు. మామూలు వెలుతురులో అది గాజుముక్కలా ఉందట. దాంతో నిర్వాహకులు చుట్టూ గుడ్డ కప్పి, గ్యాస్ దీపాలు, అద్దాలు అమర్చి మెరిపించడానికి తిప్పలు పడ్డారు. చివరికి 1852లో దాన్ని మళ్ళీ సానబట్టి, దాదాపు సగానికి తగ్గించేశారు.

ఒకటో పాఠం అదే. కోహినూర్‌కే లైటింగ్ కావాల్సొస్తే, ఐదొందల రూపాయల లామినేట్ సంగతి చెప్పాలా? స్టాల్లో మనం చూసేది సగం వస్తువుని, సగం దీపాన్ని. శాంపిల్ ముక్క అడిగి తీసుకుని హాలు బయటికొచ్చి ఎండలో చూస్తేనే అసలు రంగు తెలుస్తుంది.

రెండో సంగతి ఇంకా బాగుంటుంది. 1851లో వస్తువుల మీద ధర వెయ్యకూడదని రూలు పెట్టారు. అది ప్రదర్శనేగానీ అంగడి కాదని వాళ్ళ ఉద్దేశం. ఆ రూలు ఎప్పుడో పోయిందిగానీ అలవాటు పోలేదని మొన్న నాకు అర్థమైంది. ఎవరిని రేటడిగినా "మీ ఇంటి ప్లాన్ పంపండి సార్, కోటేషన్ ఇస్తాం" అనేవాడే. వందలకొద్దీ స్టాళ్ళలో వస్తువు, ధర పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీల్లేకపోతే మనకి మిగిలేది మొహమాటం, ఉచిత కాఫీ.

ఆ ఎగ్జిబిషన్లో మిగిలిన లాభం 1,86,000 పౌండ్లు. ఆ డబ్బుతోనే సౌత్ కెన్సింగ్టన్‌లో స్థలం కొని మ్యూజియంలు కట్టారు. ఈనాటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం మూలాలు అక్కడున్నాయి. దాన్ని నడిపిన హెన్రీ కోల్ 1852లో ఒక చిత్రమైన గది పెట్టాడు. ఇంట్లో ఎలాంటివి పెట్టుకోకూడదో చూపించే గది! తొక్కితే నలిగిపోతాయేమో అనిపించేలా నిజం పువ్వుల్లా అచ్చేసిన కార్పెట్లు, అలాంటివన్నీ అందులో పెట్టారు. జనం దానికి "ఘోరాల గది" అని పేరు పెట్టుకున్నారు. చార్లెస్ డికెన్స్ 1854లో రాసిన నవలలో ఈ వ్యవహారాన్ని ఎద్దేవా కూడా చేశాడు. మరి "ఇలా ఉండాలి" అని వాళ్ళు చూపించినవాటిలో మన దేశపు నేతలు, అద్దకాలు ముందున్నాయి. క్రిస్టల్ పాలెస్ లోపలి రంగులు తీర్చిన ఓవెన్ జోన్స్, 1856లో అలంకారాల మీద అచ్చేసిన పెద్ద పుస్తకంలో భారతీయ డిజైన్లని ఆకాశానికెత్తాడు.

ఇక మనవాళ్ళ దగ్గరికొద్దాం.

యూరప్ ఇళ్ళకి ఇంటీరియర్స్ సప్లై చెయ్యడం మన కృష్ణాజిల్లాకి కొత్తేం కాదు. 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో మకాం పెట్టేనాటికే డచ్చివాళ్ళు అక్కడ ఉన్నారు. చిరివేరు ఎరుపుతో అద్దిన గుడ్డలు పక్కదుప్పట్లుగా, తెరలుగా, గోడలకి వేలాడే గుడ్డలుగా ఓడలెక్కాయి. కొనేవాడు చెప్పినట్టు డిజైన్ మార్చడం అనే గోల కూడా అప్పుడే ఉంది. 1643లో లండన్ కంపెనీ వాళ్ళు సూరత్‌కి ఉత్తరం రాస్తూ, ఎర్రటి నేల మీద కాకుండా తెల్లటి నేల మీద పువ్వులు వేయించండి అని అడిగారు. మన భాషలో చెప్పాలంటే చేంజ్ రిక్వెస్ట్ అన్నమాట!

మన అద్దకం గుడ్డలు ఎంతగా పాకాయంటే, ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1701లో దిగుమతి ఆపి, 1721లో ఇంట్లో వాడటం మీదా ఆంక్ష పెట్టింది. తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయని వాళ్ళ బాధ.

అద్దకం తర్వాత తివాచీలు. వరంగల్‌లో నేసిన ఒక పట్టు తివాచీ 1851 ప్రదర్శనకి వెళ్ళింది. చదరపు అడుగుకి సుమారు పన్నెండు వేల ముళ్ళు. అడుగుకి అడుగు స్థలంలో చేత్తో వేసిన పన్నెండు వేల ముళ్ళు, ఒకసారి ఊహించుకోండి. మచిలీపట్నం తివాచీలకి కూడా అంతే పేరు. ఏలూరులోనూ ఈ నేత ఉండేది (1925లో పశ్చిమగోదావరి విడిపోయేదాకా ఏలూరు కృష్ణాజిల్లాలోదే). తమ పూర్వీకులు పర్షియా నుంచి వచ్చారని అక్కడి నేతగాళ్ళు చెప్పుకునేవారు.

తర్వాతేం జరిగిందో జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆయన 1880లో భారతీయ పరిశ్రమ కళల మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైనవైన మచిలీపట్నం తివాచీలు ఇంగ్లీషు దిగుమతిదారుల వల్ల చెడిపోయాయట. చౌకగా కావాలని పట్టుబట్టి, నాసిరకం సరుకు వాళ్ళే తెచ్చి నేతగాళ్ళ చేతిలో పెట్టారు. చూడబోతే ప్రతి తివాచీ వెనకా ఇంగ్లీషు పురికొసే! వెనక పురికొస వచ్చాక ముందువైపు కూడా నిలవలేదు. పాత డిజైన్లలో పువ్వు చుట్టూ ఉండే సన్నటి గీత, పక్కపక్క రంగుల పొందిక.. తొందరకి, చౌకకి బలైపోయాయి.

ఆ పేజీ చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆ దిగుమతిదారుని నేనే.

2019లో మా మేస్త్రీ బాబాయ్ నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "బాబూ, ఈ బోర్డుకి తడి తగిలితే నిలవదు. మనది పల్లం. కాస్త ఖర్చయినా మంచి ప్లై వేయిద్దాం." నేను బెంగళూరు నుంచి ఆన్‌లైన్ రేట్ల స్క్రీన్‌షాట్లు నాలుగు పంపి, చదరపు అడుగుకి ఇంత కంటే ఎక్కువ ఇవ్వనన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఆనక "సరే బాబూ, మీ ఇష్టం" అన్నాడు. వరద వచ్చాక నేను అందరితో "మేస్త్రీ నాసిరకం పని చేశాడు" అని చెప్పుకు తిరిగాను. అమ్మ ఒక్కతే, "నువ్వు ఇచ్చిన డబ్బుకి ఆయన చేసిన పని అదిరా" అంది. అప్పుడు నాకది ఎక్కలేదు.

బుడమేరుని నేను ఆపలేను. కానీ చేసేవాడి చేతిలో పురికొస పెట్టింది మాత్రం నేనే.

మన దగ్గర ప్రదర్శనలు మొదలైన ఉద్దేశం కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ పెట్టారు. మూలధనం రెండున్నర రూపాయలు, స్టాళ్ళు సుమారు వంద. స్థానికంగా తయారయ్యే సరుకుల్ని జనానికి చూపించడమే వాళ్ళ ఉద్దేశం. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. బెజవాడలో మా చిన్నప్పుడు ఎగ్జిబిషన్ అంటే స్వరాజ్ మైదానమే. 2024 జనవరి నుంచి అక్కడ అంబేద్కర్ గారి 125 అడుగుల విగ్రహం ఉంది. ఆ మైదానంలో జెయింట్ వీలు, అప్పడం పక్కనే కొండపల్లి బొమ్మలవాళ్ళు కూర్చునేవారు. చేసినవాడే ఎదురుగా ఉండేవాడు కాబట్టి "ఇదేం చెక్క?" అంటే "తెల్లపొణికి అండి" అని ఠక్కున జవాబొచ్చేది. ఇప్పటి స్టాళ్ళలో మనకి కనపడేది అమ్మేవాడు. చేసేవాడు ఎక్కడో ఉంటాడు.

ఆదివారం పొద్దున్న మేస్త్రీ బాబాయ్ ఇంటికెళ్ళాను. "బాబాయ్, అప్పుడు నీ మాట వినలేదు. నీదే తప్పని నలుగురితో అన్నాను కూడా. తప్పు నాది" అన్నాను. ఆయన కాసేపు బీడీ వైపు చూసి, "ఎగ్జిబిషన్ ఎన్నింటిదాకా ఉంటది?" అన్నాడు. ముగ్గురం కలిసి వెళ్ళాం.

ఈసారి పద్ధతి వేరు. ఇంట్లోనే గదుల కొలతలు, బడ్జెట్టు, ఆరు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాం. తిరిగింది ఐదు స్టాళ్ళే. బాబాయ్ ప్రతి తలుపునీ తెరిచి, ముందు వైపు చూడకుండా వెనకవైపు, అంచులు, కీళ్ళు తడిమాడు. "మెరైన్ ప్లై" అన్నచోటల్లా బోర్డు మీద ఐఎస్ 710 ముద్ర చూపించమన్నాడు. రెండు చోట్ల చూపించారు, మిగతా చోట్ల నవ్వారు. ఒకచోట గోడకి "కలంకారీ ప్యానెల్" వేలాడుతుంటే నేను వెనక్కి తిప్పి చూశాను. వెనక తెల్లగా ఉంది, డిజిటల్ ప్రింటు. అరవై ఎనభై కిలోమీటర్ల దూరంలో పెడనలో చేత్తో అచ్చులద్దుతుంటే, బెజవాడలో దాని ఫొటో అమ్ముతున్నారు.

శాంపిల్ ముక్కలు నాలుగు తెచ్చి పేర్లు రాసి బకెట్లో నానేశాం. మూడోరోజుకి రెండు ఉబ్బాయి, ఒకటి అంచున విచ్చుకుంది, ఒకటి నిలిచింది. దానికే ఆర్డరిచ్చాం. వార్డ్‌రోబులు రెండు కాస్తా ఒకటయింది, ఎందుకంటే బడ్జెట్టు పెరగలేదు. పని బాబాయ్‌దే, రేటు ఆయన చెప్పిందే. కిందవైపు అడుగున్నర ఎత్తు గ్రానైట్ దిమ్మ మీద కూర్చోబెట్టాలన్నది కూడా ఆయన ఆలోచనే.

అదన్నమాట సంగతి. మీలో చాలామంది ఊళ్ళో అమ్మానాన్నల ఇంటికి ఫోన్లోనే పనులు చేయిస్తుంటారు. ఈసారి ఎగ్జిబిషన్‌కి వెళ్తే బ్రోషర్లు తర్వాత, ముందు చేసేవాడిని వెంటపెట్టుకెళ్ళండి. ఏ వస్తువునైనా ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. పురికొస కనిపిస్తే అమ్మేవాడిని తిట్టే ముందు, మనం ఎంత ఇస్తామన్నామో కూడా గుర్తు తెచ్చుకోండి.